నుండి – వరకు

శనివారం.

పదింటికల్లా వస్తానన్న హీటింగ్ మెకానిక్ పన్నెండైనా రాలేదు. ఫోన్ చేస్తే తీరుబడిగా "సోమవారం చూద్దాం" అన్నాడు. ఎడిన్‌బరో నవంబరు చలిలో రెండు స్వెట్టర్లేసుకుని ఇంట్లో ముడుచుకుని కూర్చునే కన్నా, బిల్లు మనం కట్టక్కర్లేని చోటికి పోవడం మేలనిపించి సెంట్రల్ లైబ్రరీకి బయల్దేరాను.

దారిలో బాబీ విగ్రహం దగ్గర ఎప్పటిలాగే గుంపు. యజమాని సమాధి దగ్గర ఏళ్ళ తరబడి కాపలా కాసిందని చెప్పుకునే కుక్క అది. ముక్కు రుద్దితే అదృష్టమని ఎవరు పుట్టించారో గానీ, ఒళ్ళంతా నల్లగా ఉండి ముక్కొక్కటే బంగారంలా మెరుస్తోంది. దాని వెనకే గ్రేఫ్రయర్స్ చర్చి గేటు. ఇన్నేళ్ళలో నేను లోపలికి వెళ్ళింది రెండుసార్లు, రెండుసార్లూ ఇండియా నుంచి వచ్చిన చుట్టాలను తిప్పడానికే.

బహుశా అందుకే లైబ్రరీలో ఆ లావుపాటి పుస్తకం తీశాను. హ్యూ స్కాట్ అనే పాదిరి 1866లో అచ్చు వేయించడం మొదలుపెట్టిన జాబితా ఇది. 1560 నాటి మతసంస్కరణ నుంచి స్కాట్లండ్‌లో ఏ పారిష్‌కు ఎవరి తర్వాత ఎవరు మినిస్టర్‌గా వచ్చారో వరసగా ఉంటుంది. ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు చేరాడు, ఎవరిని పెళ్ళాడాడు, పిల్లలెందరు. ప్రతి పేరు దగ్గరా "ట్రాన్స్‌లేటెడ్" అని కనిపిస్తే మొదట తికమకపడ్డాను, మనిషిని అనువదించడం ఏమిటని. కాదు, బదిలీ! ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మార్చడాన్ని వాళ్ళు అలాగే అంటారు.

గ్రేఫ్రయర్స్ పేజీల్లో ఉండగా అమ్మ ఫోన్. బయటికొచ్చి మాట్లాడాను.

"ఏం చేస్తున్నావురా?"

"మినిస్టర్ల లిస్టు చదువుతున్నా."

"ఏ పార్టీ?"

చర్చి పాస్టర్ని ఇక్కడ మినిస్టర్ అంటారని చెప్పాను. "మరి వాళ్ళకు పోస్టు ఎవరిస్తారు?" అంది. ఒకప్పుడు ఈ ఊళ్ళో చాలా చర్చిలకు టౌన్ కౌన్సిలే ఇచ్చేదన్నాను. "అయితే పార్టీలున్నట్టేగా" అని నవ్వింది.

నిజంగానే ఉండేవి. ఈ చర్చికి ఒకేసారి ఇద్దరు మినిస్టర్లుండేవారు, ఫస్ట్ చార్జ్, సెకండ్ చార్జ్ అని. 1761లో విలియం రాబర్ట్‌సన్ వచ్చాడు. పేరున్న చరిత్రకారుడు, మరుసటేడే యూనివర్సిటీ ప్రిన్సిపాల్ కూడా అయ్యాడు. ఇండియాలో అడుగు పెట్టకుండానే, ప్రాచీనులకు ఇండియా గురించి ఏం తెలుసో 1791లో పుస్తకం రాసిన మనిషి. 1767లో పక్కన చేరినవాడు జాన్ ఎర్స్కిన్. కాలేజీ రోజుల నుంచీ ఎరిగినవాళ్ళే, కానీ చర్చి రాజకీయాల్లో రాబర్ట్‌సన్‌ది ఉదారంగా పోదామనే మోడరేట్ల వర్గం, ఎర్స్కిన్‌ది నిష్ఠగా ఉండాలనే ఎవాంజెలికల్ వర్గం. చర్చి సభలో ఎదురెదురు, ఆదివారం ఒకే వేదిక. ఇరవై ఆరేళ్ళు! కేథలిక్కుల మీద ఆంక్షలు సడలించాలని రాబర్ట్‌సన్ అంటే, కూడదని ఎర్స్కిన్. జనం రెచ్చిపోయి రాబర్ట్‌సన్ ఇంటి మీదికి వస్తే, సర్దిచెప్పి వెనక్కి పంపింది ఆ ఎర్స్కినేనట. 1793లో రాబర్ట్‌సన్ పోయినప్పుడు ఆయన్ని తలుచుకుంటూ ప్రసంగం చేసిందీ ఆయనే.

జాబితాలో ఇదంతా రెండు పేర్లు, నాలుగు సంవత్సరాలు.

నాకు బాగా నచ్చినవాడు మాత్రం రాబర్ట్ లీ. 1843లో వచ్చాడు. 1845లో చర్చి కాలిపోతే, మళ్ళీ కట్టాక రంగుటద్దాల కిటికీలు పెట్టించాడు. 1863లో హార్మోనియం తెచ్చాడు. మన భజన మందిరంలో హార్మోనియం లేకపోతే వెలితి. అక్కడ ఉండటం నేరం. అప్పటిదాకా వాళ్ళు వాయిద్యం లేకుండా కీర్తనలు పాడేవారు మరి. పైగా నిలబడి పాడమన్నాడు, ప్రార్థన పుస్తకంలో చూసి చదివాడు. చర్చి సభల్లో ఏళ్ళ తరబడి విచారణలు. తేలకముందే జబ్బుపడి 1868లో పోయాడు. ఇప్పుడు ఏ చర్చిలో ఆర్గన్ విన్నా ఎవరికీ ఏమీ అనిపించదు. ఆయన తర్వాతి పేరు రాబర్ట్ వాలెస్. ఈయన చర్చి వదిలి పత్రికా సంపాదకుడై, లాయరై, చివరికి ఎంపీ అయ్యాడు. 1899లో పార్లమెంటులో మాట్లాడుతూనే కుప్పకూలి, కొన్ని గంటల్లోనే చనిపోయాడు. అమ్మ ప్రశ్నకు సరైన జవాబు ఈయనే.

మూడింటికి వాన తగ్గితే గేటు లోపలికి వెళ్ళాను. అలెగ్జాండర్ హెండర్సన్ సమాధి వెతికాను. రాజు చర్చి మీద రుద్దే పద్ధతులు ఒప్పుకోమంటూ 1638లో ఇదే చర్చిలో జనం సంతకాలు పెట్టిన జాతీయ ఒడంబడిక రాసినవాళ్ళలో ఒకడు, తర్వాత ఈ ఊళ్ళోనే మినిస్టర్. 1646లో పోయాడు. అంతర్యుద్ధంలో పోయిన రాచరికం తిరిగొచ్చాక, 1662లో పార్లమెంటు ఆజ్ఞ వేసి మరీ ఆ రాతి మీది అక్షరాలు చెరిపించేసింది. 1688లో రాజును దించేసిన విప్లవం తర్వాత మళ్ళీ రాయించారు. తడిసిన రాయి మీద అక్షరాల గాళ్ళలో వేలు పెట్టి చూశాను. చల్లగా, జారుడుగా, నాచు.

అప్పుడు గుర్తొచ్చింది నాన్న బోర్డు. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టర్ గదిలో గోడకు వేలాడే నీలం చెక్క. వరస సంఖ్య, పేరు, నుండి, వరకు. తెల్ల ఎనామిల్ పెయింట్ అక్షరాలు. ఆరో పేరు నాన్నది. 2-7-1994 నుండి 30-5-1995 వరకు. పదో తరగతి పరీక్షల్లో ఒక పెద్దమనిషి కొడుకు దగ్గర చీటీలు పట్టుకున్నాడు, వేసవి సెలవుల్లోనే బదిలీ ఆర్డరు వచ్చింది. సామాను లారీ మీద కూలర్ స్టాండు పట్టుకుని నేను కూర్చున్నాను. బోర్డు మీద ఆ చీటీల సంగతేమీ ఉండదు కదా.

రాత్రి మళ్ళీ ఫోన్ చేసి అమ్మనడిగాను, ఆ బోర్డు ఇంకా ఉందా అని. మొన్న పూర్వ విద్యార్థులు కలిసినప్పుడు కొత్తగా రంగు వేయించారట. పెద్దమ్మ మనవడు తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపింది. జూమ్ చేశాను. పేరు సరిగ్గానే ఉంది. 'వరకు' దగ్గర పెయింటరు 30-5-1996 అని వేశాడు.

"నాన్నకు ఏడాది సర్వీసు కలిపారమ్మా. తర్వాతాయనది 1995 జూన్ నుంచే ఉంది. ఏడాది పాటు ఇద్దరు హెడ్మాస్టర్లున్నట్టుంది. చెప్పి దిద్దించమననా?"

"ఉండనీరా" అంది అమ్మ.