జడ్జిగారి టపా

శనివారం. పొద్దుటినుంచీ ముసురు. తెలుగు బడి లేదని మావాణ్ణి తీసుకుని మా ఆయన బ్యాడ్మింటన్‌కి వెళ్ళారు. పప్పు నానబోసి, ఐర్‌డెల్ ఉత్తరాలు ముందేసుకుని కూర్చున్నాను.

జేమ్స్ ఐర్‌డెల్ మా నార్త్ కరోలినా నుంచి అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్ళిన తొలితరం జడ్జి. 1790 ఫిబ్రవరిలో అధ్యక్షుడు వాషింగ్టన్ నియమించాడు. నిజానికి ఆ కుర్చీ మేరీలాండ్ నుంచి హారిసన్ అనే ఆయనకిచ్చారు. ఒంట్లో బాగోక ఆయన వద్దంటే ఈయనకొచ్చింది. నేను హైదరాబాదులో నల్లకోటు వేసుకున్న రోజుల్లో ఈ పేరే వినలేదు. ఇక్కడికొచ్చాక ఈడెంటన్‌లో ఆయన ఇల్లు చూసినప్పట్నుంచీ పట్టుకుంది ఈ పిచ్చి. తీర్పులు చదవడం ఎప్పుడో మానేశాను. ఆయనకు ఎవరెవరు ఏం రాశారన్నదే నాకు కావాలి.

ఈయన పుట్టింది ఇంగ్లండులో. 1768లో, పదిహేడేళ్ళకి, కస్టమ్స్ ఉద్యోగం మీద ఈడెంటన్ రేవుకొచ్చాడు. తండ్రి వ్యాపారం చితికిపోయింది, ఆరోగ్యమూ పోయింది, కాబట్టి జీతంలో కొంత సముద్రం దాటి ఇంటికెళ్ళాల్సిందే. జమైకాలో డబ్బున్న బాబాయి ఒకడు, థామస్. పిల్లల్లేనివాడు కాబట్టి ఆస్తి ఈ కుర్రాడికే వస్తుందని అందరి లెక్క. కుర్రాడేమో రాజుకు ఎదురు తిరిగినవాళ్ళతో కలిశాడు. బాబాయి వీలునామాలో పేరు కొట్టేశాడు. అయ్యో అనుకోబోయి ఆగాను. జమైకా ఆస్తి అంటే బానిసల చాకిరీ కదా. ఐర్‌డెల్ ఇంట్లోనూ బానిసలున్నారు. స్వేచ్ఛ గురించి అంత బాగా రాసుకున్న ఆ మనుషుల చుట్టూ పనిచేసినవాళ్ళ చేతిరాత నాకింతవరకూ ఒక్కటీ తగల్లేదు.

కవర్లు లేని కాలం. మన ఇన్‌లాండ్ లెటర్ లాగా రాసిన కాగితాన్నే మడిచి, లక్క ముద్ర వేసి, పైన చిరునామా రాసేవాళ్ళు. టపా ఖర్చు చాలావరకూ ఉత్తరం అందుకున్నవాళ్ళే కట్టాలి. 1792 చట్టం ప్రకారం ఒక్క కాగితానికి ముప్ఫై మైళ్ళలోపు ఆరు సెంట్లు, నాలుగువందల యాభై మైళ్ళు దాటితే ఇరవై అయిదు. రెండో కాగితం పెడితే రెట్టింపు. అందుకే కాబోలు, అటువైపు వెళ్ళే తెలిసినవాళ్ళెవరైనా కనిపిస్తే వాళ్ళ చేతికే ఇచ్చేసేవాళ్ళు.

అసలు చిక్కు, ఏ ఊరికి రాయాలన్నది. 1789 చట్టం ప్రకారం సుప్రీంకోర్టు జడ్జీలు ఏడాదికి రెండుసార్లు సర్క్యూట్ తిరగాలి, అంటే తమ వాటాకి వచ్చిన ప్రాంతంలో ఊరూరా వెళ్ళి కోర్టు నడపాలి. ఐర్‌డెల్ వాటాకి దక్షిణాది పడింది. చార్ల్‌స్టన్, కొలంబియా, సవానా, అగస్టా, న్యూబెర్న్. ఇప్పుడు మా ఇంటినుంచి సవానా కారులో అయిదారు గంటలు. ఆయనకి ఇసుక దారులు, పొంగే ఏళ్ళు, సత్రాల్లో తెలియనివాళ్ళతో సర్దుకుని పడక. ఉత్తరం చేరేసరికి మనిషి ఇంకో ఊళ్ళో ఉండేవాడు. 1791 ఫిబ్రవరిలో తోటి జడ్జీలకు ఆయనే రాశాడు, ఒక్క సర్క్యూట్‌లో పందొమ్మిదివందల మైళ్ళు తిరిగాననీ, ఎప్పుడూ ఒకళ్ళనే అటు పంపితే కుదరదనీ. ఆ జడ్జీలు పెద్దగా కదల్లేదు. మిగతా జడ్జీలందరి వంతూ అయ్యేదాకా, తనంతట తాను ఒప్పుకుంటే తప్ప, తిరిగిన సర్క్యూట్‌కే మళ్ళీ ఎవర్నీ పంపకూడదని కాంగ్రెస్ చెప్పేదాకా, అంటే 1792 ఏప్రిల్ దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడు సెనేట్‌లో శామ్యూల్ జాన్‌స్టన్ ఉన్నాడు. ఐర్‌డెల్ భార్య అన్నగారు, మన వరసలో బావగారు. ఈయనకి లా నేర్పిన గురువూ ఆయనే. రాజకీయాలూ ఇంటి సంగతులూ ఒకే కాగితం మీద రాయగలిగిన మనిషి కాబట్టి బావగారి ఉత్తరాలంటే నాకు ప్రత్యేకం.

ఆఫీసు ఉత్తరాల్లో ఒకటి మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుతాను. 1793 జులై 18న అప్పటి విదేశాంగమంత్రి జెఫర్సన్ జడ్జీలకు రాసింది. ఫ్రాన్సు, ఇంగ్లండు యుద్ధంలో ఉన్నాయి, ఒడంబడికల విషయంలో న్యాయసందేహాలున్నాయి, అధ్యక్షులవారు మీ సలహా కోరుతున్నారు అని. ఆగస్టు 8న ఐర్‌డెల్‌తో సహా అయిదుగురు సంతకం పెట్టి, ఎంతో మర్యాదగా, చెప్పం అన్నారు. వాషింగ్టన్ అంతటివాడికి! అమెరికాలో ఫెడరల్ కోర్టులు ఇప్పటికీ కేసు లేనిదే అభిప్రాయం చెప్పవు. మన దేశంలో మాత్రం రాష్ట్రపతి అడిగితే సుప్రీంకోర్టు చెప్పొచ్చు, 143వ అధికరణం ఉంది. ఏది మేలో నాకు తేలలేదు గానీ ఆ కాదనడంలో వినయం మాత్రం ఏ గుమాస్తా అయినా నేర్చుకోదగ్గది.

ఆయన ఇల్లాలు హానా. ఆయన ఆమెకు రాసినవి బోలెడు దొరుకుతాయి, ఆమె రాసినవి వెతుక్కోవాలి. న్యూయార్క్, తర్వాత ఫిలడెల్ఫియా, కోర్టు ఎటు వెళ్తే కాపురం అటు. 1793లో పిల్లల్తో ఈడెంటన్ వచ్చేసింది. అదే ఏడు ఎల్లో ఫీవర్ వచ్చి ఫిలడెల్ఫియాలో సుమారు అయిదువేలమంది పోయారు. కోర్టు కూర్చునేది ఫిబ్రవరిలో, ఆగస్టులో. ఆగస్టంటే సరిగ్గా జ్వరాల రోజులు. ఏటా ఆ నెలలో టపా ఆలస్యమైతే ఈవిడ ఏమనుకునేదో నేను ఊహించుకోవాల్సిందే.

మధ్యాహ్నం పిండి రుబ్బి వచ్చి జేమ్స్ విల్సన్ సంగతి చదివాను. స్వాతంత్ర్య ప్రకటన మీదా, రాజ్యాంగం మీదా సంతకం పెట్టినవాడు, ఐర్‌డెల్ తోటి జడ్జి. భూముల బేరాల్లో మునిగి, జడ్జిగా ఉంటూనే అప్పులవాళ్ళ చేతిలో జైలుపాలయ్యాడు. చివరికి ఈడెంటన్ వచ్చి 1798 ఆగస్టులో అక్కడే పోయాడు. జాన్‌స్టన్ గారి హేయిస్ ఎస్టేట్‌లో పాతిపెట్టారు. మరుసటి ఏడు అక్టోబరులో ఐర్‌డెల్ కూడా పోయాడు, నలభై ఎనిమిదేళ్ళకే. ఆ తిరుగుడే తినేసిందని నా అనుమానం.

నా దగ్గరున్నది 1857-58లో మెక్రీ అచ్చు వేసిన రెండు సంపుటాలు. ఈ మెక్రీ జడ్జిగారి మనవరాలి మొగుడు. అత్తవారింటి పెద్దాయన ఉత్తరాలు ఇంటల్లుడు అచ్చు వేశాడంటే ఎన్ని పక్కన పెట్టాడో, ఎన్ని వాక్యాలు దిద్దాడో! అసలు కాగితాలు కొన్ని డ్యూక్ యూనివర్సిటీలో ఉన్నాయి. మా ఇంటికి అరగంట. హానా ఉత్తరాలు చూపిస్తారేమో సోమవారం ఫోన్ చేసి అడగాలి.