వాపికి పక్కనే డామన్

2018 జూన్‌లో గుంటూరు వదిలి గుజరాత్‌లోని వాపికి ఉద్యోగం మార్చుకున్నప్పుడు, నా తాగుడు ఆ ఊరితోనే వదిలిపోతుందని ఇంటిల్లిపాదీ నమ్మాము. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి అక్కడ మద్యనిషేధం ఉందని బావగారు చెప్పారు. సాయంత్రం ఆరయ్యేసరికి ఆఫీసు నుంచి వైన్ షాపుకు కాళ్లు వాటంతట అవే నడిచే ఆ దారి లేకపోతే చాలునని నాకూ అనిపించింది.

రైలెక్కేముందు బాగా తాగి ఎక్కాను. మర్నాడు పొద్దున టీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నా నిలవక, సగం చొక్కా మీద ఒలికింది. ఏసీ చలి పడదని నా భార్య ఎదుటి సీటావిడకు చెప్పింది. నాలుగైదు రోజుల చెమటలు, నిద్రలేని రాత్రుల తరువాత వణుకు తగ్గి, మూడు వారాలు చుక్క ముట్టలేదు. ఆ మూడు వారాలు ఊరు మారడం వల్ల దక్కినవేనని ఈనాటికీ ఒప్పుకుంటాను.

అయితే వాపికి పక్కనే డామన్ ఉంది. 1961 దాకా పోర్చుగీసువారి ఏలుబడిలో ఉన్న ఆ ఊరు గుజరాత్‌లో కలవలేదు కనుక అక్కడ నిషేధం లేదు. సీసా తెచ్చుకుంటే సరిహద్దులో పట్టుబడతానన్న భయంతో, గుంటూరులో రాత్రంతా తాగేదాన్ని అక్కడ గంటలో తాగి వచ్చేవాణ్ని. పైగా, గుంటూరులో నేను తూలుతూ కనిపిస్తే సందు చివర బడ్డీకొట్టు పెద్దాయన ఇంటికి ఫోన్ చేసేవాడు. వాపిలో నా సంగతి తెలిసినవారు లేరు, నేనూ ఎవరికీ చెప్పలేదు. కొత్త ఊరు నాకిచ్చిన అసలు సౌకర్యం అదే.

దీపావళికి అక్కా బావగారూ వస్తున్నారని ఒక్కసారిగా మానేశాను. రెండో రోజు ఫిట్స్ వచ్చి వంటింట్లో పడిపోయాను. రోజూ తాగే మనిషి హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తరువాత ప్రాణం మీదికి వచ్చే మతిభ్రమణం రావచ్చునని, వైద్యుల కనుసన్నల్లో మాత్రలు వేసుకుని, వాటిని తగ్గించుకుంటూ తాగుడు మానాలని ఆసుపత్రిలో చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. గ్లూకోజు ఎక్కించేముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో రాత్రి దుప్పటి మీద లేని చీమలను ఏరుతూ కూర్చున్నానట. నన్ను సముదాయించలేక, కాసేపు నా భార్య కూడా పక్కన కూర్చుని ఏరిందట.

2019 ఉగాదికి తిరిగి గుంటూరే వచ్చాము. పాత స్నేహితుల మధ్యకు పోతున్నానని బావగారు కోప్పడ్డారు, అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఈసారి నా జబ్బు పేరు చెప్పి, ఆఫీసులో పై అధికారికి కూడా తెలియజేసి వచ్చాను. డాక్టరుగారు రాసిన డైసల్ఫిరామ్ మాత్రను ఉదయం నా భార్య ఎదుటే వేసుకునేవాణ్ని. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. మొదటి ఆరు నెలలు వైన్ షాపు పక్కనున్న వేయించిన పల్లీల వాసనకే నోరూరేది. అందుకని కిలోమీటరు చుట్టు తిరిగి ఇంటికి చేరేవాణ్ని.

ఆ చుట్టుదారిలో వచ్చినా సందు చివర బడ్డీకొట్టు తప్పదు. నేను గోళీసోడా తాగి డబ్బులిచ్చేదాకా పెద్దాయన ఫోన్ చేతిలోనే పట్టుకుని నిలబడతాడు.