అతుక్కుపోయిన డయల్ గేజ్

లేత్ మీద జాబ్‌ను, అంటే చెక్కాల్సిన ముక్కను, సరిగ్గా మధ్యకు సెంటర్ చేస్తుంటే డయల్ గేజ్ (చిన్న చిన్న తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) ముల్లు ఉన్నట్టుండి ఆగిపోయింది. వేలితో తడితే కదిలింది, మళ్లీ ఆగింది. వెనక మూత విప్పగానే కారణం కనబడింది. కొలిచే చోట ఆనే కడ్డీ ప్లంజర్. అది జారే బుష్‌లో, అంటే చిన్న గొట్టంలో, పాత నూనె బంకలా పట్టేసింది. రెండేళ్ల కిందట ఆ చుక్క వేసింది నేనే. ప్లంజర్‌కి నూనె అసలు వేయకూడదు, అది పొడిగానే జారాలి. నూనె తగిలితే సన్నని రజను వచ్చి అంటుకుంటుంది.

టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి, విప్పిన ప్రతి భాగాన్నీ ఫోటో తీసుకుంటూ వెళ్లాను. ప్లంజర్‌నీ బుష్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. అదంతా పది నిమిషాల పని.

అసలు కష్టం హెయిర్ స్ప్రింగ్ దగ్గర. వెంట్రుకంత సన్నని ఆ చుట్ట పళ్లచక్రాలను ఎప్పుడూ ఒకే వైపుకు నొక్కి ఉంచుతుంది. అందుకే పళ్ల మధ్య సందున్నా ముల్లు తడబడదు. బిగించేటప్పుడు ఈ చుట్ట ఉన్న చక్రాన్ని కొంచెం తిప్పి, చుట్టకు బిగువు ఇచ్చాకే పక్క చక్రంతో కలపాలి. మొదటిసారి బిగువు చాలక ముల్లు వదులుగా ఊగింది. ఊపిరి బిగబట్టి, ట్వీజర్‌తో ఇంకో అరచుట్టు తిప్పాను.

ప్లంజర్ కింద 1 మి.మీ. స్లిప్ గేజ్ (కచ్చితమైన మందం ఉన్న ఉక్కు బిళ్ల) పెట్టి చూస్తే ముల్లు సరిగ్గా ఒక చుట్టు, అంటే 100 గీతలు తిరిగింది. ప్లంజర్ ఎత్తి వదులుతూ పదిసార్లు చూశాను. పదిసార్లూ సున్నా మీదే వాలింది.