ఆడు మంచోడేనా?

పదకొండున్నర దాటింది. పాలు తోడేశాను, గేటుకి తాళం వేశాను, పడుకున్నాను, మళ్లీ లేచి కూర్చున్నాను. అత్తయ్య మజ్జిగ తాగకుండా పడుకున్నారు. నా మూలంగానే. నా మూలంగా, మెక్సికో పోలీసుల మూలంగా.

చిన్నోడు పాస్‌వర్డు ఇచ్చి వెళ్లినప్పటి నుంచి ‘నార్కోస్: మెక్సికో’ చూస్తున్నాం, అక్కడి గంజాయి ముఠాల కథ. 2018లో వచ్చిన సీరీస్, మా గుమ్మం దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది. వాళ్లు స్పానిష్‌లో గబగబా మాట్లాడేస్తారు, కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడతాయి. అత్తయ్యకి రెండూ రావు. అయినా ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం పెట్టుకుని, ఈనెలు తీస్తూ, ప్రతి కొత్త మొహానికీ ఒకటే ప్రశ్న.

“అమ్మీ, ఈడు మంచోడేనా?”

మొదటి రెండు భాగాలకి టకటకా చెప్పేశాను. తర్వాత డీఎఫ్ఎస్ వాళ్లు దిగారు. వాళ్ల కేంద్ర ప్రభుత్వానికి కళ్లూ చెవులూ అనుకోవాల్సిన నిఘా సంస్థ. వాళ్లే గంజాయి వ్యాపారులకి తమ గుర్తింపు కార్డులు ఇచ్చేశారు, ఇంక లారీ ఆపేదెవరు? కథలో కల్పన కొంత ఉన్నా ఇది మాత్రం నిజం. 1985లో ఆ సంస్థనే ఎత్తేయాల్సి వచ్చింది.

“పోలీసే గానీ దొంగల వైపండీ” అన్నాను.

“మరి మన వైపు పోలీసెవుడు?”

ఇలా అడిగితే ఏం చెప్పను? వెనక్కి తిప్పి మళ్లీ చూడాలి. ఇంకో పక్క ఈయన. ఈయన టీవీ చూడరు, టీవీ ముందు కూర్చుని ఫోను చూస్తారు. అందులో అసలు చరిత్ర తీసి పైకి చదువుతారు. కథలో ఆ ముఠాల వెంటపడే అమెరికా అధికారి కికి కమరెనా. “ఈ కికి కమరెనా ఉన్నాడే, 1985 ఫిబ్రవరి 7న ఎత్తుకుపోతారు. మార్చిలో శవం దొరుకుతుంది.” నేను అప్పటికి నాలుగో భాగంలో ఉన్నాను! పెళ్లయిన ఇరవై ఒక్క ఏళ్లలో ఈయనతో ఒక్క సినిమా కూడా చివర ఏమవుతుందో తెలియకుండా చూడలేదు. హాల్లో అయితే ఇంటర్వెల్‌కే చెప్పేస్తారు. నిజంగా జరిగిన కథలో దాచడానికేముంది అని వాదన. పోనీ పక్కవాళ్లకి తెలిసినప్పుడు చెప్పొచ్చు కదా? అడిగితే నవ్వుతారు. ఆ నవ్వు ఇంకా మంట.

అత్తయ్య ఒక్క చోట మాత్రం నన్ను నవ్వించారు. 1984 నవంబరులో చివావా రాష్ట్రంలో సైన్యం తగలబెట్టిన గంజాయి తోట సీను వచ్చింది. తెరంతా పొగ. “ఇది మన అనకాపిల్లి కాదేటి?” అన్నారు. 2022 ఫిబ్రవరిలో కోడూరు దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోల పైచిలుకు గంజాయి కాల్చినప్పుడు టీవీలో చూసింది ఆవిడకి గుర్తుంది. పాడేరు, చింతపల్లి కొండల మీద తోటలు నరికించిన ‘ఆపరేషన్ పరివర్తన’ సరుకు కూడా ఉంది అందులో. ఆవిడ కళ్లకి పొగ పొగే.

సరే, అసలు సంగతి. ఇవాళ ఆ ఫిబ్రవరి 7 వచ్చింది. కికి ఆఫీసు నుంచి బయటికి వస్తాడు, పెళ్లాంతో కలిసి భోజనం చేద్దామని. అవతల ఆవిడ ఎదురు చూస్తుంటుంది. నాకు గుండె దడదడలాడుతోంది. ఈయన “ఇదే, ఇదే” అంటున్నారు. అత్తయ్య “ఆ బండిలోవోళ్లు మంచోళ్లేనా అమ్మీ? ఆడు బువ్వకెల్తాడా ఎల్లడా?” అని ఆపకుండా అడుగుతున్నారు. అప్పుడు అనేశాను, “చూస్తే చూడండి, లేకపోతే వెళ్లి పడుకోండి” అని. అనాల్సింది ఈయన్ని. తగిలింది ఆవిడకి. పళ్లెం పక్కన పెట్టి లేచి వెళ్లిపోయారు.

ఈ టపా మొదలు పెట్టినప్పుడు, ఇలాంటి సీరీస్‌లు దొంగల్నే దొరల్లా చూపిస్తాయని తిట్టి పడుకుందామనుకున్నాను. కోటు తొడుక్కున్న ఆ ముఠా పెద్ద ఫెలిక్స్ గయార్దో నడక మీదున్న శ్రద్ధ ఇంకెవరి మీదా లేదని. ఇప్పుడది రాయబుద్ధి కావడం లేదు. అత్తయ్య ప్రశ్న అడ్డొస్తోంది. దానితో పాటు పనసపండు.

పనసపండు కథ మీలో కొందరికి నవ్వుతూ చెప్పాను. 1996 వేసవి. పలాస నుంచి పాసింజరులో అమ్మా నేనూ. అమ్మమ్మ ఉద్దానం తోటలోంచి కోయించి ఇచ్చిన పండు గోనెసంచిలో కట్టి సీటు కింద పెట్టాం. బోగీ అంతా దాని వాసనే. ఎదుటి సీటు కింద ఇంకో సంచీ ఉంది, పక్కన నా ఈడు గుంటడు, కిటికీలోంచి బయటికి తప్ప ఎటూ చూడడు. తిలారు దాటాక ఖాకీ బట్టలాయన ఎక్కాడు. ఒక్కో సంచీ లాఠీతో పొడుచుకుంటూ వచ్చి మా దగ్గర ఆగాడు.

“ఇదెవరిది?”

“పనసపండు బాబూ, మాదే” అంది అమ్మ.

విప్పించాడు. వేళ్లతో తట్టి చూశాడు. “బాగా ముగ్గిందమ్మా” అన్నాడు. అంతే, పండు భుజానికెత్తుకుని శ్రీకాకుళం రోడ్డులో దిగిపోయాడు. ఎదుటి సంచీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. దూసి వచ్చేసరికి ఆ గుంటడు కిటికీ వదిలి నా వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. పొందూరులో సంచీతో దిగిపోయాడు. ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతూ నడిచాడు.

అందులో గంజాయే ఉందని నేను చూడలేదు. చింతపండు కావచ్చు, జీడిపిక్కలు కావచ్చు. కానీ ఆ రోజు అమ్మ చీపురుపల్లి దాకా పండు గురించి ఏడ్చి, చివరికి ఏమందో తెలుసా? “మంచోడే పాపం. నేకపోతే అందరి సామాన్లూ విప్పించీవోడు.” ఇన్నేళ్లూ అది జోకుగా చెప్పుకొచ్చాను. ఇవాళ చెప్పమంటే చెప్పలేను. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకి తక్కువ కాకుండా జైలని చట్టం ఇప్పుడు అంటోంది. పేపర్లో మొహానికి గుడ్డ కట్టి వరసగా నిలబెట్టేది ఇలాంటి కూలికి మోసే గుంటల్నే. తోట ఎవరిదో, డబ్బు ఎవరిదో, ఆ ఫొటోలోకి రారు.

అక్కడా అంతే కదా. కికి హత్య కేసులో వెతుకుతున్న ముఠా నాయకుడు కారో కింతెరో విమానం ఎక్కుతుంటే ఆపాల్సిన అధికారే పక్కకి తీసుకెళ్లి మాట్లాడి పంపించేశాడు. కోస్టారికాలో దొరికాడు, 28 ఏళ్లు లోపలున్నాడు, 2013లో కోర్టే వదిలేసింది. 2022లో మళ్లీ పొదల్లో వాసన పట్టింది మాక్స్ అనే కుక్క. (ఇది కూడా ఈయన చదివిందే. ఇది ఒక్కటీ నాకు ఇష్టమైంది.) చివరికి 2025 ఫిబ్రవరిలో అమెరికాకి అప్పగించారట. నలభై ఏళ్లు!

ఇందాక మంచినీళ్లకి లేస్తే అత్తయ్య గదిలో గాజుల చప్పుడు. మజ్జిగ గ్లాసు పట్టుకెళ్లాను. గోడ వైపు తిరిగే ఉన్నారు.

“ఒచ్చినాడా ఆడు, బువ్వకి?”

“రేపు చెప్తానండీ.”

“అయితే రానేదన్నమాట” అన్నారు. లేచి కూర్చుని మజ్జిగ తాగారు. ఉప్పు ఎక్కువైందన్నారు.