పాత చిన్న కారుకు కొత్త క్యామ్: ముందు కొలతలు, ఆ తర్వాతే పానా

సిలిండర్‌కు రెండేసి వాల్వులున్న పాత చిన్న ఇంజిన్లు 4,500 ఆర్పీఎం దాటగానే ఆయాసపడతాయి. వాల్వులను తెరిచి మూసే కడ్డీని, అంటే ఫ్యాక్టరీ క్యామ్‌షాఫ్ట్‌ని (క్యామ్), నగరంలో నెమ్మదిగా తిరిగే బండి కోసం చెక్కడమే చాలావరకు దానికి కారణం. వాల్వు ఇంకాస్త ఎత్తు లేచి, ఇంకాస్త సేపు తెరుచుకుని ఉంటే పై వేగాల్లో గాలి బాగా నిండుతుంది. అయితే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకునే కొద్దీ, తక్కువ వేగంలో పైకొచ్చే పిస్టన్ లోపలికొచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి తోసేస్తుంది. పైన వచ్చే లాభానికి కింద పికప్‌తో వెల కడతాం.

అందుకే బండి ఎక్కువసేపు ఏ ఆర్పీఎంలో నడుస్తుందో చూసుకుని క్యామ్ ఎంచుకోవాలి. ఇలాంటి ఇంజిన్లలో ఫ్యాక్టరీ డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే సేపు; పిస్టన్లు తిప్పే షాఫ్ట్ అయిన క్రాంక్ తిరిగే డిగ్రీల్లో చెబుతారు) సాధారణంగా 240–250 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోజూ నడిపే కారుకు 260–270 చాలు. 285 దాటితే ఐడిల్ కుంటుతుంది, వాక్యూమ్ పడిపోతుంది, బ్రేక్ బూస్టర్‌కు అందాల్సిన బలం అందక పెడల్ గట్టిపడుతుంది. రెండు క్యామ్‌లను పోల్చేటప్పుడు పెట్టె మీద అంకెలు నమ్మకండి. ఒక్కో తయారీదారు ఒక్కో లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) నుంచి లెక్క మొదలుపెడతాడు. 1 మి.మీ. లిఫ్ట్ దగ్గర డ్యూరేషన్ ఎంతో అడిగి, ఆ అంకెలే పక్కపక్కన పెట్టి చూడండి.

కొత్త క్యామ్ కింద పాత ట్యాపెట్లు (క్యామ్ తోపును వాల్వుకు అందించే ముక్కలు) వేయడం పెద్ద తప్పు. పాతవి పాత లోబ్‌ల (క్యామ్ మీది ఉబ్బెత్తు భాగాల) ఒరిపిడికి అరిగి ఉంటాయి, కొత్త లోబ్‌ను కొద్దిసేపట్లోనే గీరేస్తాయి. స్ప్రింగులు కూడా క్యామ్ వాళ్లు చెప్పినవే వేయాలి. పూర్తి లిఫ్ట్‌లో స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకోకూడదు, మొత్తం మీద కనీసం 1.5 మి.మీ. ఖాళీ మిగలాలి. రిటైనర్ (స్ప్రింగును పట్టి ఉంచే పళ్లెం) అడుగుకూ వాల్వ్ గైడ్ సీల్‌కూ మధ్య కూడా అంతే. పాత షాఫ్ట్‌నే తిరిగి గ్రైండ్ చేయించి వేస్తుంటే ఇంకో చిక్కు ఉంది: లోబ్ వెనక వైపు గుండ్రటి భాగం చిన్నదవుతుంది. షిమ్ (ఖాళీ సర్దే బిళ్ల) ఉన్న ఇంజిన్లో మందమైన షిమ్ కావాలి, నూనె ఒత్తిడితో ఖాళీని తానే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్ అయితే దాని ప్రయాణం చాలకపోవచ్చు.

మినీ కారులోని ఏ-సిరీస్ ఇంజిన్లో క్యామ్ బ్లాకులో ఉంటుంది కాబట్టి ఇంజిన్ దించాల్సిందే. హెడ్‌లో క్యామ్ ఉన్నవాటికి అంత శ్రమ లేదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే బెల్ట్ తీసిన వెంటనే క్రాంక్‌ను టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకు) 90 డిగ్రీల వెనక పెట్టండి. పిస్టన్లన్నీ మధ్యలో ఉంటాయి, క్యామ్ ఎటు తిరిగినా వాల్వు తగలదు. బేరింగ్ క్యాప్‌లకు నంబర్లు వేసి, నట్లన్నీ అర చుట్టు చొప్పున వంతులవారీగా వదులు చేయాలి. ఒక చివర పూర్తిగా విప్పేస్తే తెరిచి ఉన్న వాల్వుల స్ప్రింగులు షాఫ్ట్‌ను ఎత్తి పట్టుకుంటాయి. పోత ఇనుము కనుక అది వంగదు, విరుగుతుంది.

ఇక కొలత. ఈ పనిలో సగం సమయం దీనికే ఇవ్వాలి. టీడీసీని పుల్లీ మీద గీత చూసి ఒప్పుకోవద్దు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, పిస్టన్ దానికి తగిలేదాకా క్రాంక్‌ను చేత్తో మెల్లగా ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిప్పి, డిగ్రీ వీల్ (క్రాంక్‌కు బిగించే డిగ్రీల చక్రం) మీద ఆ రెండు అంకెల నడిమిది టీడీసీగా తీసుకోవాలి. తర్వాత స్టాప్ తీసేసి, మొదటి ఇన్‌టేక్ మీద డయల్ గేజ్ ఆనించి, ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పుతూ, గరిష్ఠ లిఫ్ట్‌కు 1 మి.మీ. తక్కువ ఉన్న రెండు చోట్లా డిగ్రీలు చదవాలి. టీడీసీ తర్వాత 78, 138 వచ్చాయనుకోండి, నడిమిది 108. క్యామ్ కార్డులో (క్యామ్‌తో వచ్చే కొలతల చీటీలో) 104 ఉంటే మీ క్యామ్ 4 డిగ్రీలు వెనకబడి ఉంది. అది క్రాంక్ లెక్క. క్యామ్ సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి అడ్జస్టబుల్ పుల్లీ మీద 2 డిగ్రీలు ముందుకు జరపాలి. 40 పళ్ల పుల్లీలో ఒక్క పన్ను తప్పితే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీల తేడా వస్తుంది, కనుక పన్ను మార్చి సర్దుకోవడం కుదరదు. హెడ్ ప్లేనింగ్ (అడుగు చెక్కి చదును చేయడం) అయిన ఇంజిన్లో ఈ తేడా దాదాపు తప్పదు. హెడ్ కిందికి దిగితే టైమింగ్ వెనక్కి జరుగుతుంది.

వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కన్నా తగ్గకూడదు. పూర్తి లిఫ్ట్ దగ్గర కొలిస్తే లాభం లేదు, అప్పటికి పిస్టన్ ఎక్కడో కింద ఉంటుంది. రెండు వాల్వులూ కాస్త కాస్త తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్‌లో, టీడీసీకి ఇటు 15, అటు 15 డిగ్రీల లోపలే దగ్గరతనం ఎక్కువ. పిస్టన్ మీద ప్లాస్టిసిన్ ముద్ద పెట్టి, పైన నూనె రాసి, హెడ్ బిగించి చేత్తో రెండు చుట్లు తిప్పి, ముద్దను కోసి కొలవడం పాత పద్ధతే అయినా నమ్మదగింది. ట్యాపెట్ హైడ్రాలిక్ అయితే కొలిచేటప్పుడు అది కుంగి తప్పుడు అంకె ఇస్తుంది, ఆ కాసేపూ గట్టి ట్యాపెట్ వాడాలి.

ట్యాపెట్ క్లియరెన్స్ (వదలాల్సిన ఖాళీ) కారు మాన్యువల్ ప్రకారం కాదు, క్యామ్ కార్డు ప్రకారం పెట్టాలి. హైడ్రాలిక్ ట్యాపెట్లు వేశాక కనీసం అరగంట ఆగండి. నూనె నిండి ఉబ్బి ఉంటే వాల్వులు పూర్తిగా మూసుకోవు. ఏదైనా సరే, స్టార్టర్ నొక్కేముందు క్రాంక్ రెండు చుట్లు చేత్తో తిరగాలి. ఎక్కడైనా పట్టేసినట్టుంటే బలం పెట్టకుండా అక్కడే ఆగిపోండి.

రోలర్ లేని ట్యాపెట్లకు మొదటి 20 నిమిషాలే ప్రాణం. లోబ్‌లకు మాలిబ్డినమ్ పేస్ట్ పూసి, జింక్ ఎక్కువున్న నూనె పోసి, ఇగ్నిషన్, పెట్రోలు, నీళ్లు ముందే సరిచూసుకోవాలి. స్టార్ట్ అయిన వెంటనే 2,000–2,500 ఆర్పీఎంకు ఎత్తి, అటూ ఇటూ మారుస్తూ అక్కడే ఉంచాలి. ఐడిల్‌లో వదలొద్దు. వేగం తక్కువైతే లోబ్ కొన మీద స్ప్రింగు బరువు పూర్తిగా పడుతుంది, నూనె చిమ్మడమూ తక్కువే. ఫోర్డ్ పింటో ఓహెచ్‌సీ (క్యామ్ హెడ్‌లో ఉండే) ఇంజిన్లో క్యామ్‌కు నూనె చిమ్మే గొట్టం రంధ్రాలు పూడుకుని లోబ్‌లు అరిగిపోవడం పేరుమోసిన జబ్బు. అందులో క్యామ్‌తో పాటే గొట్టం కూడా కొత్తది వేయాలి. ఇరవై నిమిషాలయ్యాక నూనె, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి లోపల ఇనుప రజను ఉందేమో చూడండి.

ఐడిల్ 800 నుంచి 950 దాకా పెంచాల్సి రావచ్చు. ఇగ్నిషన్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) మొదట్లో రెండు మూడు డిగ్రీలు ముందుకు అడుగుతుంది, మొత్తం అడ్వాన్స్ మాత్రం పాత హద్దు దాటనివ్వద్దు. కార్బురేటర్‌కు జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్నని రంధ్రాలు) మళ్లీ సరిచూడాలి. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండిలో, ఓవర్‌ల్యాప్ వల్ల కాలకుండా జారిపోయిన గాలిని సెన్సర్ పెట్రోలు తక్కువైనట్టు చదివి, ఐడిల్‌లో అనవసరంగా పెట్రోలు పోయిస్తుంది. మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే కంప్యూటర్ పట్టిక) సర్దకుండా అది కుదుటపడదు.

500 కిలోమీటర్లకు క్లియరెన్స్ మళ్లీ కొలవండి. అన్నీ కొద్దికొద్దిగా మారి ఉంటే కొత్త భాగాలు సర్దుకున్నట్టు. ఒక్క వాల్వు దగ్గర మాత్రమే ఖాళీ బాగా పెరిగి, టకటక వినిపిస్తుంటే ఆ లోబ్ అరుగుతోంది. బిగించి సరిపెట్టకుండా అప్పుడే కవర్ విప్పి చూడాలి, ఆ ఇనుప రజను బేరింగుల దాకా పోకముందే.