బ్రష్

ఈ రోజు పొద్దున్నే దోసెలలోకి అల్లం పచ్చడి రుబ్బుతుండగా మిక్సీ అడుగునుండి నిప్పురవ్వలు రాలి, కాలిన వాసన వేసి, అది కాస్తా ఆగిపోయింది. బెజవాడ ఎండకు భయపడుతూనే దానిని సంచిలో పెట్టుకొని గవర్నరుపేటలోని ఒక రిపేరు దుకాణానికి వెళ్ళాను. మెకానిక్ అడుగు మూత విప్పి, "బ్రష్‌లు అరిగిపోయాయమ్మా" అన్నాడు. వంగి చూస్తే బ్రష్‌లాంటిది ఏదీ కనబడలేదు. అతడు నా అరచేతిలో పెట్టినది చిటికెన వేలి గోరంత నల్లని ముక్క. ముట్టుకుంటే వేలికి మసి అంటింది. వెనుకనున్న స్ప్రింగు తోస్తూ ఉంటే ఆ ముక్క గిర్రున తిరిగే రాగి పట్టీలను ఒరుసుకుంటూ మోటారుకు కరెంటు అందిస్తుంది. తొలినాటి డైనమోలలో ఆ పని చేసినది రాగి తీగల కుచ్చు కనుక దానికి బ్రష్ అనే పేరు తగినదే. 1885లో జార్జ్ ఫోర్బ్స్ అనే స్కాట్లండు ఇంజనీరు తీగలకు బదులు కార్బన్ వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. క్రమంగా కుచ్చు పోయింది, పేరు మిగిలింది.

సాయంత్రం ఆరో తరగతి చదువుతున్న మావాడు ఇంగ్లీషు వాక్యాలను తెలుగులోకి మారుస్తూ, "ఆమె అద్దం ముందు నిలబడి జుట్టు తోముకున్నది" అని వ్రాశాడు. "జుట్టేమన్నా అంట్ల గిన్నెట్రా?" అని అత్తయ్య పడీ పడీ నవ్వారు. నిజానికి వాడి తప్పేమీ లేదు. మన ఇళ్ళలో బ్రష్ చేయడమంటే పళ్ళు తోముకోవడమే. వేప పుల్ల మానేసిన నాటినుండి అత్తయ్య కూడా ఆ మాటే అంటారు. ఇంగ్లీషువారు ఒక్క క్రియతో సరిపెట్టుకున్న చోట మనం పళ్ళయితే తోముతాము, జుట్టయితే దువ్వుతాము, బట్టలకు పట్టిన దుమ్మయితే దులుపుతాము. బొమ్మలు వేసేవారి చేతిలోనిది మనకు కుంచె. నక్క తోకను కూడా వారు బ్రష్ అంటారని చెబితే మావాడు నమ్మలేదు. బ్రష్ అనే మాట పక్కన అప్ చేరితే మరచిన పాఠానికి మళ్ళీ పదును పెట్టుకోవడమనీ, అసైడ్ చేరితే ఎదుటివారి మాటను తీసిపారేయడమనీ చెప్పుకొచ్చాను.

చివరి వాక్యంలో సంతలో ఎవడో ఒకడు ఇంకొకరిని బ్రష్ చేస్తూ దాటిపోయాడు. తగిలీ తగలకుండా పోవడమది. నాకు మిక్సీలోని నల్ల ముక్క గుర్తుకు వచ్చింది. "రాసుకుంటూ పోయాడు అని పెట్టు" అన్నాను. వాడు పెన్ను పైకెత్తి, "ఏం రాసుకుంటూ అమ్మా, హోంవర్కా?" అని అడిగాడు.