నోటు తిరగరాసిన రోజు

నాన్న పెద్దకర్మ రోజు సాయంత్రం, భోజనాలకి వేసిన షామియానా ఇంకా విప్పకముందే, అప్పిచ్చినాయన ప్రామిసరీ నోటు జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. గొడవకి రాలేదు, చాలా మర్యాదగానే మాట్లాడాడు. ఇంకో నెల పోతే నోటుకి మూడేళ్ళు నిండుతాయి, నిండితే కాలదోషం పట్టి కోర్టులో చెల్లదు, అదీ ఆయన తొందర. బాబాయి నన్ను పక్కకి పిలిచి "మీ నాన్న మాట పోకూడదురా, సంతకం పెట్టెయ్" అన్నాడు.

2012 డిసెంబర్లో నాన్న తీసుకున్నది 1,50,000. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకి 3,000, మూడేళ్ళకి 1,08,000. నెల తక్కువున్నా మూడేళ్ళకీ లెక్క కట్టి, అసలూ వడ్డీ కలిపి 2,58,000కి కొత్త నోటు రాశారు. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా నా సంతకం. అప్పటికి నాకు 21 ఏళ్ళు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, చదువుతున్నది కూడా ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద.

తండ్రి అప్పుకి కొడుకు బాధ్యత, ఆయన దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి ఎంతుందో అంతవరకే. తండ్రి రుణం తీర్చడం కొడుకు ధర్మం అనే కారణం ఒక్కటీ చూపించి వసూలు చేయడానికి కూడా 2005 వారసత్వ చట్ట సవరణ తర్వాత వీల్లేదు. నాకు సెంటు భూమి రాలేదు కాబట్టి ఆ అప్పు నాది కాదు. కానీ సంతకం పెట్టిన క్షణం నుంచి అది నాదే. ఇదంతా నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ముందే తెలిసినా, అంతమంది బంధువుల మధ్య, అమ్మ మొహం చూస్తూ, పెట్టనని అనగలిగేవాణ్ణా అంటే చెప్పలేను.

మాది పశ్చిమ గోదావరి డెల్టా. నాన్న ఇరవై ఏళ్ళు కౌలుకి చేశాడు, ఎకరానికి ఏడాదికి 30 బస్తాలు. ఆ పొలం నా చిన్ననాటి స్నేహితుడి వాళ్ళది. 2012 నవంబర్లో నీలం తుఫాను వానలకి కోతకొచ్చిన సార్వా (వానాకాలం) పంట నీళ్ళలో నానిపోయి, కంకుల మీదే మొలకలొచ్చాయి. నష్టపరిహారం పొలం ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ ఖాతాలో పడింది. స్నేహితుడి నాన్న మంచివాడే, ఆ ఏడాది కౌలు ఐదు బస్తాలు తగ్గించాడు. మిగతా లోటు పూడ్చుకుని దాళ్వా (రెండో పంట) నాట్లు వేయడానికే ఆ లక్షన్నర.

నేనూ ఆ స్నేహితుడూ 2016లో హైదరాబాద్‌లో ఒకే జీతానికి ఉద్యోగాల్లో చేరాం. వాడు మూడేళ్ళకే ఫ్లాట్ కొన్నాడు, ముందు కట్టాల్సిన డబ్బు రోడ్డు పక్క అరెకరం అమ్మి వాళ్ళ నాన్న ఇచ్చాడు. నేను ఒకటో తారీఖున ముందు 5,160 వడ్డీ ఊరికి పంపి, తర్వాత అద్దె కట్టేవాణ్ణి. "నువ్వు కూడా ఏదైనా కొనెయ్‌రా, రేట్లు పెరిగిపోతున్నాయి" అని వాడు నా మంచి కోరే చెప్పేవాడు. వాడి మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ కష్టపడితే అందరూ ఒకేలా పైకొస్తారని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోలేను. ఇద్దరం ఒకేలా కష్టపడ్డాం, కాకపోతే వాడు సున్నాకి పైనుంచి మొదలెట్టాడు, నేను సున్నాకి 2,58,000 కింద నుంచి.

మన దేశంలో వారసత్వ ఆస్తి మీద ఒకప్పుడు పన్ను ఉండేది. 1953లో ఎస్టేట్ డ్యూటీ తెచ్చారు, పెద్ద ఆస్తులకి పై శ్లాబులో 85 శాతం దాకా వెళ్ళింది, వసూలయ్యేది తక్కువ, తంటా ఎక్కువ అని 1985లో ఎత్తేశారు. మళ్ళీ తేవాలనే మాట వస్తే చాలు, మా ఊళ్ళో రెండెకరాల రైతు కూడా భయపడిపోతాడు. వందల కోట్లు చేతులు మారే చోట పన్ను వేస్తే ఆయనకేం నష్టమో నాకు అర్థం కాదు. నేనైతే తేవాలనే అంటాను.

దానికంటే ముందు కావాల్సింది కౌలుదారుకి ఒక కాగితం. 2011లో కౌలు రైతుకి బ్యాంకు అప్పు దొరకడానికి రుణ అర్హత కార్డులు ఇచ్చేలా చట్టం చేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం ఉండాలి. పొలం ఎక్కడ పోతుందోనని యజమాని పెట్టడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది పొలం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. తెలంగాణలో కూడా 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కి 4,000 పట్టాదారుకే అందాయి, కౌలు రైతుకి కాదు. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, బ్యాంకు అప్పు లేకపోతే రెండు రూపాయల వడ్డీ, ఆ వడ్డీ నోటు కొడుకు దాకా వస్తుంది.

2021లో అప్పు మొత్తం తీర్చేశాను. నోటు వెనక చెల్లు రాసి నా చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ, "మీ నాన్న సంతకం ఉన్నది ఏదిరా?" అంది. అది 2015లో తిరగరాసినప్పుడే చింపేశారు. కౌలు అంతా నోటిమాట మీదే నడిచింది కాబట్టి నాన్న ఇరవై ఏళ్ళు పొలం చేశాడని చెప్పే కాగితం మా ఇంట్లో ఇంకోటి లేదు. ఆ నోటులో మాత్రం రాసి ఉండేది, "నా వ్యవసాయపు ఖర్చుల నిమిత్తం" అని.